బెత్తం పక్కన పెట్టాక క్లాసుని ఎలా పట్టుకోవాలి

డీఎస్సీలో పోస్టు కొట్టి, మొదటిసారి హైస్కూల్లో ఎనిమిదో తరగతి గదిలోకి అడుగుపెట్టిన టీచర్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే మాట. "కొట్టకూడదంటారు, తిట్టకూడదంటారు, మరి వీళ్ళని కూర్చోబెట్టేదెలా సార్?" అడగడంలో తప్పేం లేదు. బీఈడీలో మనతో లెసన్ ప్లాన్లు రాయించారు గానీ, భోజనం తర్వాత పీరియడ్‌లో, కరెంటు లేని గదిలో, యాభై మంది ఒకేసారి మాట్లాడుతుంటే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. 2025 మార్చిలో విజయనగరం జిల్లాలో ఒక హెడ్మాస్టర్ గారు, మిమ్మల్ని మేం ఏమీ అనలేకపోతున్నాం అంటూ పిల్లల ముందే సాష్టాంగపడి గుంజీలు తీసిన వీడియో ఫోన్లలో తెగ తిరిగింది. మా స్టాఫ్ రూమ్‌లో దాని మీద రెండు రోజులు వాదన నడిచింది. బెత్తం తీసేశాక ఇంతే మరి అన్నారు సగం మంది. నేను ఆ సగంలో లేను, కానీ ఆయన బాధ నాకు అర్థమైంది.

నేను లెక్కల టీచర్ని కాబట్టి లెక్కలోనే చెప్తాను. క్రమశిక్షణ అనే పనిలో ముప్పావు వంతు తప్పు జరగకముందే అయిపోవాలి, జరిగాక చేయగలిగింది పావు వంతే. బెత్తం ఆ పావు వంతుకి మాత్రమే పనికొచ్చేది, అదీ మనం గదిలో ఉన్నంతసేపే. మనం బయటికెళ్ళగానే గది చేపల మార్కెట్ అయిపోతోందంటే అది క్రమశిక్షణ కాదు, కాపలా.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 2002 ఫిబ్రవరిలోనే, 1966 నాటి విద్యా నిబంధనల్లోని 122వ నిబంధనను సవరించి బెత్తం దెబ్బల్ని తీసేశారు. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. చాలామంది మర్చిపోయేది ఈ రెండో ముక్కే. కోదండం, గోడకుర్చీ పోయాయి గానీ, "నీ మొహానికి చదువెందుకురా, గేదెలు కాసుకో" అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. అది కూడా ఆ సెక్షన్ కిందికే వస్తుంది. ఇంకోటి, ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోపు పిల్లల్ని బడి నుంచి తీసేయడానికి అదే చట్టంలోని 16వ సెక్షన్ ఒప్పుకోదు. అందుకని ఏడో తరగతి పిల్లాడితో "టీసీ ఇచ్చి పంపించేస్తా" అని బెదిరించకండి. మీరు ఇవ్వలేరు, ఆ సంగతి వాడికీ తెలుసు.

మొదటి వారం సిలబస్ వెనకబడినా ఫర్వాలేదు

ముందు పేర్లు. జూన్‌లో బడి తెరిచిన వారంలోపు మీ తరగతిలో అందరి పేర్లూ నోటికి రావాలి. ఎవరెక్కడ కూర్చుంటారో ఒక కాగితం మీద గళ్ళు గీసి రాసుకుని, దాన్ని పుస్తకంలో పెట్టుకుని రోజూ చూసుకుంటూ పిలవండి. "ఏయ్ చివరి బెంచీ, నిన్నే" అంటే లేచేది చివరి బెంచీ. పేరు పెట్టి పిలిస్తేనే పిల్లాడు లేస్తాడు. ఇంట్లో ఏమని పిలుస్తారో కూడా కనుక్కోండి, రిజిస్టర్‌లో ఉన్న పేరుతో ఊళ్ళో ఎవరూ పిలవని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురుంటారు.

తర్వాత నియమాలు. గోడ మీద చార్టు చూడండి, "మాట్లాడరాదు, తిరగరాదు, అల్లరి చేయరాదు" అని ఉంటుంది. ఏం చేయకూడదో ఉంది, ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. దాన్ని తీసేసి పిల్లలతోనే కూర్చుని మూడు వాక్యాలు రాయించండి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళం వింటాం. అడిగి తీసుకుంటాం, తిరిగి ఇస్తాం. ఎవరికీ పేర్లు పెట్టం. ఇలాంటివి, మూడే, నాలుగోది ఎవరికీ గుర్తుండదు. ఇక్కడొక తమాషా చూస్తారు. నియమాలు మీరే చెప్పండర్రా అనగానే పిల్లలు శిక్షలు చెప్పడం మొదలుపెడతారు. "లేటుగా వస్తే ఇరవై గుంజీలు సార్", "మాట్లాడితే ఎండలో నిలబెట్టండి సార్". మనకంటే వాళ్ళే కఠినం. అప్పుడు నవ్వేసి ఊరుకోకుండా, ఇరవై గుంజీలు తీస్తే రేపు త్వరగా వస్తాడా అని అడగండి. లేటుగా వచ్చేవాడు వాళ్ళ పక్క వీధివాడే కాబట్టి అసలు కారణం అక్కడే బయటికొస్తుంది. "వాళ్ళ చెల్లిని అంగన్‌వాడీలో దింపి రావాలి సార్."

ఆ తర్వాత ప్రాక్టీసు. అల్లరంతా ఎక్కడ పుడుతుందో గమనించండి, పాఠం మధ్యలో పెద్దగా ఉండదు. నోట్‌బుక్కులు పంచేటప్పుడు, మంచినీళ్ళకి వెళ్ళేటప్పుడు, ప్లేట్లు పట్టుకుని భోజనం దగ్గరికి పరిగెత్తేటప్పుడు, ఒక టీచర్ వెళ్ళి ఇంకో టీచర్ వచ్చేలోపు ఆ ఐదు నిమిషాల్లో. అంటే ఎవరికీ పని లేని సమయంలో. వీటిని కూడా లెక్క నేర్పినట్టే నేర్పాలి. నోట్‌బుక్కులు వరుస చివర నుంచి ముందుకి ఎలా రావాలో చూపించి, రెండుసార్లు చేయించి, గడియారం పెట్టి చూడండి. మా ఏడో తరగతిలో ఈ ఒక్క పనికి మొదట్లో ఆరు నిమిషాలు పట్టేది, పది రోజులకి నిమిషంన్నరకి వచ్చింది. పీరియడ్‌లో మిగిలిన ఆ నాలుగున్నర నిమిషాలు కొట్లాటలు జరిగే నిమిషాలే. నేను గదిలోకి రాగానే బోర్డు మీద ఒక చిన్న లెక్క ఉంటుంది, ముందు రోజు సాయంత్రమే రాసి పెడతాను. హాజరు యాప్‌తో నా కుస్తీ అయ్యేలోపు వాళ్ళు ఆ లెక్క చేసుకుంటూ ఉంటారు.

ఒక పాత అలవాటు మాత్రం దయచేసి మానేయండి. టీచర్ లేనప్పుడు క్లాస్ లీడర్‌తో మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయించడం. మనమందరం ఆ బోర్డు మీద పేరు పడి దెబ్బలు తిన్నవాళ్ళమే, లేదా చాక్‌పీస్ పట్టుకుని పగ తీర్చుకున్నవాళ్ళమే. పేరు పక్కన ఇంటూ మార్కులు పెరుగుతూ పోవడం, రబ్బరో పెన్నో లంచం ఇస్తే పేరు చెరిగిపోవడం, ఇవేవీ మర్చిపోలేదు కదా. పన్నెండేళ్ళ పిల్లకి పోలీసు పని అప్పజెప్పి, ఆ పిల్లకి స్నేహితులు లేకుండా చేస్తాం. లీడర్‌కి పని ఇవ్వాలంటే ఇవాళ రానివాళ్ళకి నోట్స్ ఎవరిస్తారో చూడమనండి, వారానికొకరిని మార్చండి.

పాఠం నడుస్తుండగా

గొంతు పెంచడం అప్పు లాంటిది, ఇవాళ తీసుకుంటే రేపు ఇంకా ఎక్కువ తీసుకోవాల్సి వస్తుంది. దాని బదులు చేయగలిగేవి చాలా మామూలు పనులు. మాట్లాడుతున్నవాళ్ళ బెంచీ దగ్గరికి నడిచి వెళ్ళి, అక్కడ నిలబడి, వాళ్ళవైపు చూడకుండా పాఠం చెప్తూ ఉండండి. సగం సార్లు అంతకు మించి అక్కర్లేదు. వాక్యం మధ్యలో ఆగిపోండి, ఐదు సెకన్లు మౌనంగా ఉంటే గది దానంతటదే వెతుక్కుంటుంది ఏమైందా అని. తరగతి ఈ చివర నుంచి ఆ చివర ఉన్నవాణ్ణి పేరు పెట్టి గద్దిస్తే మాత్రం నలభై తొమ్మిది మంది చూస్తున్నారు కాబట్టి వాడు తగ్గడు, తగ్గితే ఇంటర్వెల్‌లో వాడి పరువు పోతుంది. తొమ్మిదో తరగతి మగపిల్లలకి మార్కుల కంటే పరువు పెద్దది. దగ్గరికెళ్ళి, వంగి, వాడొక్కడికే వినపడేలా "ఇక్కడే కూర్చుని చేస్తావా, ముందు బెంచీకి వస్తావా, నీ ఇష్టం" అని చెప్పి పక్కకి వెళ్ళిపోండి. వెళ్ళిపోవడం ముఖ్యం. అక్కడే నిలబడి చూస్తుంటే అది మళ్ళీ పోటీ అవుతుంది.

మెచ్చుకోవడం గురించి కూడా ఒక మాట. "వెరీ గుడ్, అందరూ చప్పట్లు" అనేది మనకి అలవాటైపోయి అర్థం అరిగిపోయింది. ఏది చూశామో అది చెప్పాలి. "నిన్న మూడో మెట్టు దగ్గర ఆగిపోయావు, ఇవాళ చెరిపేసి మళ్ళీ చేశావు", "పక్కమ్మాయికి స్కేలు అడక్కుండానే ఇచ్చావమ్మా". ఆరో తరగతి పిల్లలకి ఇది గట్టిగా అందరి ముందూ చెప్పొచ్చు. తొమ్మిది, పది వాళ్ళకి అలా చెప్తే "సార్ చెంచా" అని పేరు పెట్టేస్తారు, ఆ పిల్లాడు మర్నాటి నుంచి మంచి పని చేయడమే మానేస్తాడు. వాళ్ళకి నోట్‌బుక్‌లో సంతకం పక్కన ఒక లైను రాయండి చాలు. స్టార్లు, చాక్లెట్లు నేను ఒక ఏడాది పెట్టి మానేశాను. మూడో వారానికి "చాక్లెట్ ఇస్తారా సార్, అయితే చేస్తా" అన్నారు, తప్పు నాదే.

వెనక బెంచీ వాడి కథ

ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు ఈ పని నేర్పింది ఇదే. కొన్నేళ్ళ క్రితం ఎనిమిదో తరగతిలో ఒక పిల్లాడు నా పీరియడ్‌లోనే అల్లరి చేసేవాడు. కాగితపు ఉండలు, ముందువాళ్ళ జడనో కాలరో లాగడం, వింత శబ్దాలు. రోజూ బయట నిలబెట్టేవాణ్ణి. రెండు నెలలు అలాగే గడిచాయి, ఏమీ మారలేదు. అప్పుడు విసుగొచ్చి ఒక పని చేశాను, పాత డైరీలో వారం పాటు మూడు సంగతులే రాసుకున్నాను. అల్లరి మొదలవడానికి సరిగ్గా ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, దానివల్ల వాడికేం దొరికింది.

వారం తర్వాత చూస్తే ఆరు సార్లలో ఐదు సార్లు ఒకటే ముందు సంగతి. నేను పుస్తకం తీయమని, వరుసగా ఒక్కొక్కరిని లేపి రాత లెక్క పైకి చదవమన్నప్పుడు. వాడి వంతుకి ఇద్దరు ముందుండగా గోల మొదలు. దొరికింది ఏమిటంటే, బయటికి పంపించేయడం. ఆ పిల్లాడికి ఎనిమిదో తరగతికొచ్చినా తెలుగు ఒత్తులు సరిగ్గా చదవడం రాదు. చదవలేడని నలుగురికీ తెలియడం కంటే అల్లరివాడని పేరు రావడమే మేలనుకున్నాడు. నేను శిక్ష అనుకుని ఇచ్చింది వాడికి రోజూ దొరికే రక్షణ. రెండు నెలలపాటు వాడి అల్లరికి జీతం ఇచ్చింది నేనే.

పైకి చదివించడం మానేశాను, వాడికొక్కడికే కాదు, అందరికీ. రాత లెక్క నేనే చదివి, బొమ్మ గీయడానికి వాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచేవాణ్ణి, వాడు బొమ్మలు బాగా గీసేవాడు. మా తెలుగు పండితులు ప్రేయర్‌కి ముందు ఇరవై నిమిషాలు కూర్చోబెట్టుకున్నారు. సంక్రాంతికి వాడు లెక్కని నెమ్మదిగా చదవగలిగేవాడు, ఉండలు విసరడం పూర్తిగా పోలేదు గానీ వారానికొకటికి వచ్చింది. తర్వాత మిరపకాయల కోతలకి వాళ్ళమ్మతో పాటు వెళ్ళి నెలన్నర రాలేదు, తిరిగొచ్చాక మళ్ళీ మొదటికొచ్చాం. సినిమాలో లాగా ఫస్ట్ ర్యాంకు ఏమీ రాలేదు.

మీరు కూడా ఒక వారం రాయండి, ఒక్క పిల్లాడి గురించే. కారణాలు చాలాసార్లు చాలా చిన్నవి, బోర్డు కనపడక పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తుంటే మనకి మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. కళ్ళజోడు పెట్టిస్తే ఆ క్రమశిక్షణ సమస్య మాయం. పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాడికి మూడో పీరియడ్‌కే చిరాకు. రాత్రి రెండింటిదాకా ఫోన్లో ఆట. తాగొచ్చిన నాన్న. కులం పేరుతో వెనక నుంచి ఎవరో అనే మాట, దానికి ఇచ్చిన దెబ్బ మాత్రమే మన కంట పడుతుంది.

కారణం దొరకకపోతే ఇంకోటుంది. రోజుకి రెండు నిమిషాలు, పది రోజులు, ఆ పిల్లాడితో చదువు గురించి గానీ ప్రవర్తన గురించి గానీ కాకుండా ఏదైనా మాట్లాడండి. వాళ్ళ గేదె ఈనిందా, కబడ్డీలో ఎవరు గెలిచారు, ఏదో ఒకటి. మొదటి నాలుగు రోజులు "ఊ", "ఆ" తప్ప ఏమీ రాదు, టెన్షన్ పడకండి. ఐదో రోజు వాడే ఎదురొస్తాడు.

తప్పు జరిగాక

"ఎందుకు చేశావురా?" అని అడగకండి. దానికి పిల్లలందరి దగ్గరా ఒకటే జవాబు, "ఊరికే సార్". ఇద్దరు కొట్టుకుంటే ముందు విడదీసి, చెరో చోట కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, పావుగంట వదిలేయండి. రక్తం మరుగుతున్నప్పుడు న్యాయం చెప్పినా చెవికెక్కదు. తర్వాత విడివిడిగా, ఏం జరిగింది? దీనివల్ల ఎవరెవరికి ఇబ్బందయింది? ఇప్పుడు దాన్ని సరిచేయాలంటే నువ్వేం చేయగలవు? ఈ మూడూ అడిగి ఊరుకోండి, జవాబు వాళ్ళనే వెతుక్కోనివ్వండి. బలవంతంగా "సారీ చెప్పు, చేతులు కలుపు" అంటే గేటు దాటాక మళ్ళీ మొదలవుతుంది.

చేసినదానికీ, చేయించేదానికీ సంబంధం ఉండాలి. గోడ మీద ఇంకు పోస్తే ఆ గోడ తుడవాలి, మనమూ ఒక గుడ్డ పట్టుకుంటే ఇంకా మంచిది. పుస్తకం చింపితే అతికించాలి. గోడ మీద ఇంకు పోసినందుకు మరుగుదొడ్లు కడిగించడం మాత్రం సరిచేయించడం కాదు, అవమానించడం. తప్పు చేసినందుకు వందసార్లు రాయించడం రాతనే శిక్షగా మార్చేస్తుంది, ఆ తర్వాత హోంవర్క్ రాయరని మనమే ఏడుస్తాం. ఒకడు చేసినదానికి క్లాసంతటికీ ఆటల పీరియడ్ తీసేయడం అన్నిటికంటే తెలివితక్కువ పని. ఆ పీరియడ్‌లో ఖర్చు కావాల్సిన ఒంట్లో చలాకీ అంతా తర్వాతి పీరియడ్‌లో మన నెత్తిన పడుతుంది.

ఇంటివాళ్ళతో

"కళ్ళు రెండూ వదిలేసి మిగతా తోలు వలిచేయండి సార్" అనే తండ్రులు ఇప్పటికీ వస్తారు. వాళ్ళతో చట్టం మాట్లాడితే ఉపయోగం లేదు. ఇంట్లో కొడుతున్నారు కదండీ, మారాడా అని మెల్లగా అడిగితే చాలామంది కాసేపు ఏమీ మాట్లాడరు. అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. నేను చేసిన పెద్ద పొరపాటొకటి చెప్తాను. ఒక అమ్మాయి హోంవర్క్ చేయట్లేదని సాయంత్రం ఫోన్ చేసి చెప్పాను, మర్నాడు ఆ పిల్ల చేతి మీద వాతలతో వచ్చింది. నేను కొట్టలేదు, కొట్టించాను. అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఏ ఇంటికైనా మొదటి ఫోన్ మంచి కబురుతోనే. బడి నుంచి ఫోన్ అనగానే గుండె జారిపోయే తల్లికి "మీ అమ్మాయి ఇవాళ బాగా చేసిందండీ" అని చెప్తే, తర్వాత ఇబ్బంది చెప్పినప్పుడు వింటుంది. కూలికి వెళ్ళేవాళ్ళకి పగలు చేయకండి, రాత్రి ఏడు దాటాక చేయండి. పేరెంట్ మీటింగ్‌లో అందరి ముందూ ఏ పిల్లాడి తప్పూ ఎత్తకండి. విద్యా కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టంలో ఉంది, లేటుగా రావడం, ఫోన్లు తేవడం లాంటి ఊరంతటి సమస్యల్ని అక్కడ పెడితే సగం భారం దిగుతుంది.

కొన్ని మాత్రం మీ ఒక్కరి చేతిలో పెట్టుకోకండి. బ్లేడు తెచ్చినా, మత్తు పదార్థాల వాసన వచ్చినా హెడ్మాస్టర్ గారికి ఆరోజే తెలియాలి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని అనుమానం వచ్చినా ఫిర్యాదు చేయడం పోక్సో చట్టం ప్రకారం మన బాధ్యత, ఊరి పెద్దలు సర్దేద్దామన్నా ఆగకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098. చచ్చిపోతానని పిల్లలు అన్నప్పుడు, నవ్వుతూ అన్నా సరే, తేలిగ్గా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా చేయొచ్చు.

మన చేయి లేచినప్పుడు

లేస్తుంది. ఇన్నేళ్ళయినా నాకూ లేస్తుంది, ముఖ్యంగా శనివారం ఆఖరి పీరియడ్‌లో. నాకు పనిచేసేది ఒకటే, చేతిలోది బల్ల మీద పెట్టేసి బోర్డు వైపు తిరిగి తేదీ మళ్ళీ రాయడం. తేదీ ముందే ఉంటుంది, దాన్ని చెరిపి మళ్ళీ రాస్తాను. పిల్లలకి ఇప్పుడు ఆ సంకేతం తెలిసిపోయింది, "సార్ తేదీ రాస్తున్నాడ్రోయ్" అని గుసగుసలాడి సర్దుకుంటారు. మరీ పట్టలేనప్పుడు పక్క గది టీచర్‌ని రెండు నిమిషాలు నా క్లాసు చూడమని అడగడానికి సిగ్గుపడను, ఆవిడకి కూడా నేను అలాగే చూస్తాను.

ఒక్కోసారి అదీ కుదరదు. ఒకసారి డస్టర్ విసిరాను. గోడకి తగిలి సుద్దపొడి రాలింది, క్లాసంతా బిగుసుకుపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అలా జరిగితే మర్నాడు ఏమీ జరగనట్టు పాఠం మొదలుపెట్టకండి, ఎవరి ముందు చేశారో వాళ్ళ ముందే ఒప్పుకోండి, "కానీ మీరు కూడా..." అని తోక తగిలించకుండా. నేను నిలబడి, నిన్న డస్టర్ విసరడం నా తప్పు, కోపాన్ని అలా చూపించకూడదు, ఇంకోసారి జరగకుండా చూసుకుంటాను అని చెప్పాను. గది నిశ్శబ్దంగా ఉంది. ఎవరి వైపు విసిరానో వాడు లేచి నిలబడి, "పర్లేదు సార్, తగల్లేదు" అన్నాడు.